ప్రశ్న వేసిన ప్లీడరు

సంజీవరెడ్డినగరు మెట్రో స్టేషను మెట్లు దిగి, అమీర్‌పేట వైపు పోవు పెద్దబాటను విడిచి లోపలి వీధిలోనికి తిరిగినచో, ఒకదాని నానుకొని యొకటి లేచిన వసతిగృహములును, వాని గుమ్మముల యెదుట దోసెల బండ్లును, ఆ బండ్ల ప్రక్కనే రాత్రి ప్రొద్దుపోవు వరకు ఆగక తిరుగుచుండు జిరాక్సు యంత్రములును కానవచ్చును. తెలుగు జిల్లాలన్నిటి నుండియు ఉద్యోగముల కొరకు వచ్చి, నలుగురైదుగురు ఒక గదిలో సర్దుకొని చదువుకొను పిల్లల కాగితములే ఆ యంత్రములకు నిత్యాహారము. ఈ పేటలో చిరకాలముగా కాపురమున్న నాకు వారి ముఖములు ఏటేట మారుచున్నను, వారి చంకలోని కాగితపు కట్ట మాత్రము మారినట్లు తోచదు.

మొన్న నొక సాయంకాలము ఇంటిపన్ను రసీదుకు నకలు తీయించుకొనుటకై అట్టి దుకాణమున నిలుచుండగా, నా ముందున్న కుఱ్ఱవాని కట్టలోనుండి ఒక కాగితము జారి నా కాళ్ల యొద్ద పడెను. తీసి యిచ్చుచు చూచితిని. పోటీ పరీక్షల నోట్సు అది. "1892 చట్టం: బడ్జెట్‌పై చర్చ, ప్రశ్నలు అడిగే హక్కు, ఓటింగ్ లేదు" అని యొక్క పంక్తి, దాని క్రింద పచ్చసిరాతో గీత. "ఈ హక్కు చేతబట్టుకొని మదరాసు శాసనసభలో కూర్చున్న తెలుగు వకీలు ఒకరి పేరు చెప్పగలవా, బాబూ?" అని అడిగితిని. "నోట్స్‌లో లేదంకుల్" అని ఆ అబ్బాయి దాపరికము లేక చెప్పెను. ఊరేదనగా "రాజమండ్రి దగ్గరండీ, సీతానగరం" అనెను. రాజమండ్రి యన్న మాట చెవిని బడగానే నా మనస్సున న్యాపతి సుబ్బారావు పంతులుగారు మెదలిరి. తన యూరివాడే యైన ఆ మహనీయుని జీవితము, తాను కంఠస్థము చేయుచున్న ఆ యొక్క పంక్తిలో నడగియున్నదని ఆ బాలునకు తెలియదు. అది వాని తప్పు కాదు. చెప్పవలసిన మేము చెప్పలేదు.

పంతొమ్మిదవ శతాబ్దమున అమెరికా దేశములో ఒక చిన్న పట్టణపు ప్లీడరు తన రాష్ట్ర శాసనసభకు ఎన్నికగుట వింతగాదు. ఎబ్రహాం లింకను 1834లో, తనకింకను న్యాయవాది పట్టా చేతికి రాకమునుపే, ఇలినాయి రాష్ట్రసభకు ఎన్నికై వరుసగా నాలుగు మారులు అందు కూర్చుండెను. న్యాయశాస్త్ర గ్రంథములను అరువు తెచ్చుకొని స్వయముగా చదివి 1836లో పట్టా పొంది, మరుసటి యేడు స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున వకీలుగా స్థిరపడెను. రాష్ట్ర రాజధానిని వండేలియా నుండి ఆ పట్టణమునకే తరలించుటకు సభలో పట్టుపట్టిన తొమ్మండుగురు పొడగరులలో నతడొకడు. నల్లవారికి గాని స్త్రీలకు గాని వోటు లేని ఆ వ్యవస్థ అన్యాయముతో కూడినదే. అయినను, కోర్టులో తన వాదమును వినిన యిరుగుపొరుగువారే తనను ఎన్నుకొని సభకు పంపుట, ఆ సభ చేసిన నిర్ణయము రాష్ట్రమునకు శాసనమగుట అచ్చటి ప్లీడరునకు లభించిన భాగ్యములు. అదే శతాబ్దమున గోదావరి యొడ్డున వకాల్తా పుచ్చుకొన్న తెలుగు ప్లీడరునకు ఈ రెండును లేవు. ఆతనికి అట్టి సభయే లేదు. కావున సభకు పోవుటకు ముందు, సభ యుండవలెనని యడుగుట ఆతని తరమువారి పని యయ్యెను.

సుబ్బారావు పంతులుగారు 1856 జనవరి 14వ తేదీన నెల్లూరులో జన్మించిరి. చెన్నపట్టణమున న్యాయశాస్త్ర విద్యార్థిగా నుండిన దినములలోనే వారి జీవితమునకు ముఖ్యమైన సంఘటన జరిగినది. 1878లో టి. ముత్తుస్వామి అయ్యరుగారు మదరాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియుక్తులైరి. ఆ పీఠము నధిష్ఠించిన తొలి భారతీయుడాయనయే. దొరల పత్రికలు ఈ నియామకమును సహింపక దూషింపసాగినవి. దేశీయునకు న్యాయనిర్ణయము చేయు శక్తి గలదా యని ఆంగ్లమున వ్రాసిన వ్రాతలకు ఆంగ్లముననే ప్రత్యుత్తరమీయ దగిన పత్రిక మనవారి చేతిలో లేకుండెను. అప్పుడు తిరువల్లిక్కేణి సాహిత్యసంఘమున కలిసి మెలసి తిరుగుచుండిన ఆరుగురు యువకులు తామే యొక పత్రిక పెట్టుటకు నిశ్చయించుకొనిరి. అందు జి. సుబ్రహ్మణ్య అయ్యరు, ఎం. వీరరాఘవాచార్యులు ఉపాధ్యాయులు. టి.టి. రంగాచార్యులు, పి.వి. రంగాచార్యులు, డి. కేశవరావు పంతులు, న్యాపతి సుబ్బారావు, ఈ నలుగురును న్యాయవిద్యార్థులు.

వారి పెట్టుబడి అప్పుగా తెచ్చిన రూపాయి పన్నెండణాలు. తంగసాల వీధిలోని శ్రీనిధి ముద్రాక్షరశాలయందు 1878 సెప్టెంబరు 20వ తేదీన 80 ప్రతులు అచ్చుపడినవి. ప్రతి వెల నాలుగణాలు. లెక్క వేసి చూచినచో ఆ పెట్టుబడి యంతయు ఏడు ప్రతుల వెలకు సరిపోవును. వారమున కొకమారు వెలువడిన ఆ పత్రికయే 'ది హిందూ'. అది 1883లో వారమునకు మూడు మారులు వచ్చుటకును, 1889లో దినపత్రిక యగుటకును ఎదిగెను. అప్పుతో ఎత్తిన చేయి, దానిని ఎత్తించిన ప్రశ్న, ఈ రెంటి వలనను మన పత్రికల చరిత్రలో ఆ యెనుబది ప్రతులకున్న బరువు మఱి దేనికిని లేదని నేను నమ్ముచున్నాను. దేశీయుడు న్యాయమూర్తి యేల కాకూడదు? ఇరువది రెండేండ్ల వయస్సున పంతులుగారు బహిరంగముగా వేసిన మొదటి ప్రశ్న యిది.

న్యాయపరీక్ష ముగిసినవారు పత్రికను వీడి తమ తమ వృత్తులకు పోయిరి. సుబ్బారావుగారు 1880లో రాజమహేంద్రవరమునకు వచ్చి ప్లీడరుగా పలక కట్టిరి. అప్పటి రాజమహేంద్రవరమునకు రైలు లేదు. గోదావరిపై హేవలాకు వంతెన పూర్తియై రైలు నదిని దాటుట 1900 సంవత్సరపు మాట. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట కాలువలలో నీరు పారి, ఆ నీటిపై పడవలు నడచి, పడవల వెంట ధాన్యమును, ధనమును, దానితోపాటు దావాలును పెరిగినవి. లంకభూముల సరిహద్దులు, జమీందారీల వారసత్వములు, దత్తతల చెల్లుబాటు, నీటితీరువ తగవులు, ఇవన్నియు కాగితపు మూటలై, గుమాస్తాల నెత్తులమీద జిల్లాకోర్టు మెట్లెక్కుచుండెడివి. తలపాగా, పొడుగుకోటు, నుదుట బొట్టు ధరించి, నోట నాంగ్లమును, కక్షిదారుతో గోదావరి యాసయు పలుకు నూతన వకీలు వర్గము అట్టి పట్టణములలో తలయెత్తినది. వారిలో పెక్కురు ధనము గడించి మేడలు కట్టిరి. కొందఱు మాత్రము కోర్టులో నేర్చిన విద్యను కోర్టు బయట వినియోగించిరి. పంతులుగారు ఈ రెండవ తెగవారు.

ఆ పట్టణమున అప్పుడు కందుకూరి వీరేశలింగము పంతులుగారు మహాసంగ్రామము సాగించుచుండిరి. 1881 డిసెంబరు 11వ తేదీన వారి యింట గోగులపాటి శ్రీరాములుగారికిని, గౌరమ్మగారికిని వితంతు వివాహము జరిగినది. ఊరు అట్టుడికినట్లుడికెను. వంటవాండ్రు పొయ్యి ముట్టుకొనమనిరి, నీళ్లు మోయువారు బిందె దింపిరి. పెండ్లికి పోయినవారికి వెలి తప్పదని పెద్దలు చాటించిరి. వీరేశలింగముగారి పక్షమున నిలిచిన యువకులలో సుబ్బారావుగారొకరు. వెలి యన్న మాట నేటివారికి అంతగా తాకకపోవచ్చును. వృత్తిలో నింకను కాలూనుచున్న యిరువదియైదేండ్ల ప్లీడరునకు వెలి యనగా తద్దినమునకు బ్రాహ్మణుడు రాకపోవుట మాత్రమే కాదు. అరుగుమీద కూర్చున్న కక్షిదారు లేచి, వీధి యావలి యరుగెక్కుట. ఆ నష్టము నెఱిగియు ఆయన నిలిచిరి.

రిప్పన్ ప్రభువు 1882లో స్థానిక స్వపరిపాలనకు దారి తెరచుట, 1884లో మదరాసు జిల్లా పురపాలక శాసనము వచ్చుట, ఈ రెండింటితో పట్టణములలో దేశీయులకు కొంత చోటు దొరకెను. పంతులుగారు రాజమహేంద్రవర పురపాలక సంఘాధ్యక్షులైరి. ఈ ఘట్టమును విస్తరింప పని లేదు. దీపములు, బాటలు, మురుగుకాలువలు, ప్రతి పట్టణమున ప్రతి యధ్యక్షుడును మోసిన భారమే యది.

విస్తరింపవలసినది 'చింతామణి'. సుబ్బారావుగారు 1891లో నెలకొల్పిన ఈ మాసపత్రికకు వీరేశలింగముగారు సంపాదకులు. ఏదో యొక పత్రిక యని దాటిపోవుటకు వీలులేనిది యిది. వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రము అంతకు పదేండ్లకు పూర్వమే వెలసినను, తెలుగున నవల యనునది ఇంకను ఒంటిచెట్టుగానే యుండెను. చింతామణి నవలల పోటీలు పెట్టెను. ఏడాదికొకమారు గడువు, పరీక్షకులు, బహుమానము, గెలిచిన గ్రంథమునకు అచ్చు. ఒక ప్లీడరు బుద్ధికి తోచు పద్ధతియే యిది: వాదము వినుటకు తేదీ, తీర్పరి, తీర్పు. గడువు పెట్టుటచే వ్రాయనివారు వ్రాసిరి, వ్రాసినవారు ముగించిరి. చూపు మందగించి నానాటికి చీకటి క్రమ్ముచున్న యొక యువోపాధ్యాయుడు, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు, రామచంద్రవిజయము అను నవలను ఈ పోటీకి పంపి 1894లో బహుమానము నందిరి. తర్వాత ఆయన కలము నుండి నవలలు వరుసకట్టినవి. తెలుగు నవల పుట్టుక కథను చెప్పునపుడు రచయితల పేర్లు చెప్పుదుము, న్యాయమే. కాని ఆ రచయితలు వ్రాయుటకు ఒక చావడి వేసి, దీపము పెట్టి, వాకిట నిలుచున్న ప్లీడరు పేరును కూడ వారి సరసనే చెప్పవలెను.

ఇక శాసనసభ. 1861 చట్టమునుబట్టి మదరాసు గవర్నరుగారి కౌన్సిలులో శాసనములు చేయునపుడు మాత్రము నాలుగు మొదలు ఎనిమిదిమంది వరకు అదనపు సభ్యులను చేర్చుకొనెడివారు. అందు సగము మందియైనను అనధికారులై యుండవలెను. వారిని గవర్నరే నియమించును. ముసాయిదా తెచ్చి ముందుంచిన దానిపై తలయూపుట కన్న వారికి వేఱు పని లేదు. ప్రభుత్వము ఎంత వసూలు చేసెను, ఎక్కడ ఖర్చు చేసెను, ఫలాని తాలూకాలో కాలువ యేల పూడెను అని యడుగు నధికారము ఎవ్వరికిని లేదు. 1892 చట్టము వచ్చి అదనపు సభ్యులను ఇరువదిమంది వరకు పెంచెను. పురపాలక సంఘములు, జిల్లాబోర్డులు, విశ్వవిద్యాలయము మొదలగునవి కొన్ని స్థానములకు పేర్లను సిఫారసు చేయవచ్చుననెను. ఎన్నిక యను మాటను మాత్రము చట్టము నోట పలుకలేదు. సిఫారసయిన వానిని నియమించువాడు గవర్నరే. ఆయవ్యయ పట్టికను చర్చింపవచ్చును, దానిపై వోటు వేయరాదు. ప్రశ్న వేయవచ్చును. ఆ ప్రశ్నను ముందుగా వ్రాతమూలమున పంపవలెను, అధ్యక్షస్థానమున నున్న గవర్నరు వలదన్నచో అది సభకు రాదు. వచ్చిన సమాధానము పెడసరముగా నున్నను, తప్పుడు లెక్కతో నున్నను, దానిమీద రెండవ ప్రశ్న వేయుట కూడదు.

ఈ చట్టము అమలైన తొలి సంవత్సరములలోనే పంతులుగారు మదరాసు శాసనసభ సభ్యులైరి. కోర్టులో ప్లీడరునకు గల బలము ఎదురు ప్రశ్న. సాక్షి యొక మాట చెప్పును, దానిని పట్టుకొని రెండవ ప్రశ్న, దాని జవాబు పట్టుకొని మూడవది, అట్లు తాడు పేనినట్లు సత్యమును పైకి లాగుట ఆ విద్య. కోటలోని ఆ సభామందిరమున ప్లీడరునకు మొదటి ప్రశ్న మాత్రమే దక్కినది, ఎదురు ప్రశ్న దక్కలేదు. కావున జవాబు వచ్చిన పిమ్మట అడుగవలసిన వన్నియు జవాబు రాకమునుపే ఊహించి, తప్పించుకొనుటకు సందు లేనట్లు ఒక్క ప్రశ్నలోనే కట్టుదిట్టముగా ఇమిడ్చి వ్రాయవలసి వచ్చెను. ఆ సభలో కూర్చున్న ఆనాటి వకీళ్లందఱును ఈ కళను నూతనముగా అభ్యసించినవారే. అడిగిన ప్రశ్నయు, ఇచ్చిన జవాబును అచ్చుపడి ప్రజల చేతికి వచ్చుట అంతకు మునుపెన్నడును లేదు. గ్రామమున కరణము వ్రాసిన లెక్కకు గవర్నరు సముఖమున జవాబు చెప్పవలసిన దినము వచ్చుట చిన్న మార్పు గాదు.

ఈ తరమువారిలో పంతులుగారు ఒంటరివారు కారు. చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామమున 1843లో పుట్టి, హైకోర్టు వకీలై, 1884లో మదరాసు మహాజనసభను నెలకొల్పినవారిలో ముఖ్యుడై, 1891 నాగపూరు కాంగ్రెసునకు అధ్యక్షత వహించి, తరువాత ఇంపీరియల్ శాసనసభ సభ్యుడైన పనప్పాకము ఆనందాచార్యులుగారు ఆయనకు పెద్దన్న వంటివారు. ఆనందాచార్యులుగారి వాగ్ధోరణి గొప్పది. అయినను నాకు సుబ్బారావుగారియందే యెక్కువ మక్కువ. కారణము, ఆయన రాజధానిలో నుండిపోలేదు. చెన్నపట్టణమున పత్రికకు ప్రాణము పోసిన చేయి జిల్లా పట్టణమునకు వచ్చి, అచ్చటనే ఒకదాని పిమ్మట నొకటిగా సంస్థలను నిలిపి, నిలిచిన దానిని సమర్థుల చేతికిచ్చి, తాను తరువాతి దానికి పోయినది.

1909 నాటి మింటో-మార్లే సంస్కరణముల పిదప పంతులుగారు ఇంపీరియల్ శాసనసభ యందును కూర్చుండిరి. 1914 నుండి 1917 వరకు కాంగ్రెసునకు ప్రధాన కార్యదర్శులలో నొకరైరి. ఆ దినములలో ఆయనకు తటస్థించిన కార్యము కఠినమైనది. 1907లో సూరతులో చీలిన మితవాదులు, అతివాదులు ఇంకను కలియలేదు. అతివాదుల నాయకుడైన తిలకు మహాశయుడు 1914లో మాండలే చెరనుండి విడుదలై పూనా చేరెను. ఆ యేడు డిసెంబరున అనీబిసెంటమ్మయు, సుబ్బారావు పంతులుగారును పూనాకు పోయి మితవాదుల నాయకుడైన గోఖలేను, తిలకును చూచి రాజీకి యత్నించిరి. గోఖలే తొలుత మెత్తబడెను. తిలకుతో పంతులుగారు జరిపిన సంభాషణ సారాంశము చెవిని బడగానే, ఇది కలియుట గాదు, కాంగ్రెసునే వశపరచుకొనుట యని శంకించి వెనుదీసెను. తన శంకను ఆ యేటి కాంగ్రెసు అధ్యక్షుడైన భూపేంద్రనాథ బసునకు ఆంతరంగికముగా వ్రాసిన లేఖ బయటికి పొక్కి, తిలకు మాటలకు అర్థమేమను వివాదము రగిలెను. ఆ యేడు రాజీ పొసగలేదు. 1915 ఫిబ్రవరిలో గోఖలే కన్ను మూసెను. 1916లో లక్నోలో ఉభయపక్షములు ఒక పందిరి క్రిందికి వచ్చినపుడు పంతులుగారు కార్యదర్శి స్థానముననే యుండిరి.

ఇరువురు మహాపురుషుల నడుమ మాట మోయువాని కష్టము మోసినవానికే యెఱుక. ఇచ్చటి మాట అచ్చట చెప్పునపుడు ఒక్క క్రియాపదము బరువు మారిన చాలును, సంధి చెడును. పూనాలో రాజీ చెడుటను పంతులుగారి లోపముగా నేనెంచను. అంతటి వైరమున ఇరుపక్షముల గుమ్మములు తొక్కుటకు ఇరుపక్షములును అనుమతించిన మనుష్యుడు దక్షిణాదిలో ఆయన దొరకుటయే చెప్పుకొనదగినది.

ఆ 1914లోనే బెజవాడలో కూడిన రెండవ ఆంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షులు. మొదటి మహాసభ 1913 మే మాసమున బాపట్లలో బి.ఎన్. శర్మగారి అధ్యక్షతను జరిగినది. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము వలయునన్న కోరిక సభాముఖమున వినవచ్చినది అక్కడనే. ఇందు నాకెంతయు ఇంపైన విశేషమొకటి కలదు. ఆ మే మాసముననే అనంతపురము జిల్లా ఇల్లూరు గ్రామమున నీలము సంజీవరెడ్డిగారు జన్మించిరి. బాపట్లలోను, బెజవాడలోను ప్లీడర్లు తీర్మానములు వ్రాయుచుండగా ఊయలలో నూగిన ఆ శిశువే 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమునకు తొలి ముఖ్యమంత్రి యయ్యెను. మా పేట ఆయన పేరిటిదే. మెట్రో స్టేషను ఫలకముపై ఆయన పేరు చదివినపుడెల్ల ఆ బెజవాడ సభావేదికయు నాకు కనబడుచుండును.

పంతులుగారు 1941 జనవరిలో, ఎనుబదియైదేండ్లు నిండిన వెంటనే పరమపదించిరి. తాను అప్పుచేసి మొదలుపెట్టిన పత్రిక అరువది రెండేండ్లు దాటుటయు, చింతామణి నాటిన నవల మహావృక్షమగుటయు, మదరాసులో ఎన్నికైన శాసనసభయు మంత్రివర్గమును ఏర్పడుటయు, వీనినన్నిటిని కన్నులార చూచిరి. ఆంధ్రరాష్ట్రమును మాత్రము చూడలేదు.

ఇదంతయు నేను ఆ కుఱ్ఱవానికి ఒక్కనాడు చెప్పలేదు. జిరాక్సు దుకాణము ప్రక్కనున్న టీబండి యొద్ద నిలుచుండి, హిందూ పత్రిక 80 ప్రతుల కథ వఱకు చెప్పగా వాని కాగితముల వంతు వచ్చెను. "రేపు ఇదే టైముకి వస్తారా అంకుల్?" అనెను. వచ్చెదనంటిని, వచ్చితిని. రెండవనాడు 1892 చట్టము సంగతి విని, పచ్చగీతపై వేలుంచి చాలసేపు చూచుచు నిలిచి, "జవాబు తప్పుగా చెప్పినా రెండో ప్రశ్న వేయకూడదా? మరి ఎప్పటికి ఇచ్చారండీ ఆ హక్కు?" అని అడిగెను. 1909 సంస్కరణములతో, అదియును మొదటి ప్రశ్న వేసిన సభ్యునకు మాత్రమే యని చెప్పితిని. జేబులోనుండి కలము తీసి ఆ పంక్తి ప్రక్కన అంచుమీద చిన్న యక్షరములతో "న్యాపతి సుబ్బారావు, మా ఊరు" అని వ్రాసుకొని, తల యెత్తి, "మరి వేరేవాళ్లు ఎప్పుడు అడిగారు?" అనెను.